తిలోదకంలో తల్లి పేరు

భాద్రపద బహుళ పాడ్యమి మొదలు అమావాస్య వరకు గల పదిహేను దినాలను మహాలయ పక్షమంటారు. శుభకార్యాలను పక్కనపెట్టి, మనకు ఈ దేహాన్నిచ్చి వెళ్లిపోయిన పెద్దల స్మరణకే మన పూర్వులు కేటాయించిన పక్షమిది. కర్త దక్షిణాభిముఖంగా కూర్చుని, యజ్ఞోపవీతాన్ని ప్రాచీనావీతంగా మార్చుకుని, నువ్వులు కలిపిన నీటిని దోసిట పట్టగానే పురోహితుడు అడుగుతాడు. "మీ అమ్మగారి పేరు?" చెబుతాం. "నాయనమ్మగారి పేరు?" కొంచెం తడుముకొని చెబుతాం. "తాతగారి తల్లిగారి పేరు?" అక్కడ దోసిట్లోని నీరు వేళ్ల సందుల్లోంచి జారిపోతుందే గాని, నోట పేరు రాదు.

పాఠకమహాశయులారా, ఈ వాక్యం చదువుతున్నవారు ఒక్క క్షణం ఆగి, మీ తాతగారి తల్లి పేరు గుర్తు తెచ్చుకోండి. తాతగారి తండ్రి పేరు చాలామందికి తెలుస్తుంది. పొలం దస్తావేజుల్లో ఉంటుంది, గుడి గోడమీది శిలాఫలకంలో ఉంటుంది, ఎవరో ఒక మనవడికి పెట్టి ఉంటారు. ఆయన ఇల్లాలి పేరు ఏ కాగితంమీదా ఉండదు. ఇంట్లో ఆవిడను వదిన అన్నారు, పిన్ని అన్నారు, అత్తయ్య అన్నారు, చివరికి ముసలమ్మగారు అన్నారు. పేరు పెట్టి పిలిచిన పుట్టింటివారు ఆవిడకన్నా ముందే వెళ్లిపోయారు. ఒకవేళ మనవరాలికి ఆ పేరు పెట్టినా, అత్తగారి పేరు నోట పలకడం తప్పనుకున్న కోడలు ఆ బిడ్డను చిట్టీ అనో, పాపాయీ అనో పిలుచుకుంది. గౌరవమే పేరును చెరిపివేసిన చిత్రం ఇది.

శాస్త్రం మాత్రం ఈ పేరును వదలలేదు. తండ్రి, తాత, ముత్తాతలకు దీటుగా తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి అనే ముగ్గురినీ గోత్రనామాలతో వేర్వేరుగా ఆవాహన చేయమన్నది. ఇతర స్త్రీ బంధువులకు ఒక్కొక్క అంజలి చాలునని, తల్లికి మూడు అంజలులు విడువమన్నది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి దైవంగా భావించవలసినవారిని వరుసగా చెబుతూ తల్లినే మొదట నిలిపింది. తండ్రి కంటే తల్లి గౌరవంలో వెయ్యి రెట్లు మిన్న అని మనుస్మృతి లెక్కకట్టి మరీ చెప్పింది. మహాలయంలో తల్లివైపు వారికీ చోటుంది. మాతామహి, ఆపైన తల్లికి నాయనమ్మ, తల్లికి ముత్తవ్వ వస్తారు. కాని జాగ్రత్తగా గమనించండి. ఈ వరుసలో అమ్మమ్మ ఉన్నది గాని, అమ్మమ్మకు తల్లి లేదు. అమ్మకు అమ్మ, ఆమెకు అమ్మ అని ఆడవారి మీదుగా వెనక్కి నడిచే దారి ఆ జాబితాలో రెండో అడుగులోనే ఆగిపోతుంది. ఆ దారి జోలపాటల్లో, ఆవకాయ కొలతల్లో, వ్రతకథలు చెప్పే తీరులో మిగిలి ఉంటుందే తప్ప సంకల్పంలో వినిపించదు. దీనిని మా ఇంట్లో ఒకరు పట్టుకున్నారు. ఆమె సంగతే ఈ వ్యాసం.

ఒకే తల్లి, మూడు రూపాలు

దానికి ముందు మరొక్క విషయం మనవి చేయాలి. తర్పణంలో తల్లిని వసురూపంగా, నాయనమ్మను రుద్రరూపంగా, తాతగారి తల్లిని ఆదిత్యరూపంగా భావిస్తారు. ఏటేటా ఈ మాటలు పలుకుతూనే ఉంటాం గాని, వీటి కదలికను సాధారణంగా గమనించం. మా బామ్మ పోయినప్పుడు మా నాన్నగారు కర్త. ఆయన దోసిట్లో ఆమె వసురూపిణి. నాన్నగారు కూడా వెళ్లిపోయాక కర్తృత్వం నాకు వచ్చింది. నా తిలోదకంలో అదే బామ్మ రుద్రరూపిణి. రేపు నా తరువాత నా కుమారుడు దర్భ పట్టిననాడు ఆమె ఆదిత్యరూపిణి అవుతుంది. ఆ తరువాత ఆమెకు పిండంలో భాగం లేదు. నాలుగో తరం మొదలుకొని వెనుకటివారు లేపభాగులు. పిండం పెట్టిన చేతికి అంటుకున్న మెతుకులే వారి వంతు.

అంటే ఒక మనిషి పేరు ఒక ఇంటిలో పలికే కాలం మూడు తరాలు. ఆ లోగా ఆ పేరు వెనుక ఉన్న మనిషిని గురించి తరువాతివారికి ఎవరైనా చెప్పాలి. చెప్పకపోతే మూడో తరంవాడు పలికేది గోత్రం, నామం, రూపం అనే మూడు మాటలే. ఆ మూడు మాటలూ ఎవరికైనా సరిపోతాయి.

మా బామ్మ సంగతి

మా బామ్మది కోనసీమ. ఆమె పేరు ఇక్కడ రాయను. అది మా ఇంటి తిలోదకాలకు చెందినది. నలభై ఏళ్లు నిండకుండానే తాతగారు పోయారు. ఆ కాలంలో ఆ స్థితిలో ఉన్న స్త్రీకి లోకం ఏ మూల గది కేటాయించేదో మీలో పెద్దవారికి చెప్పనక్కరలేదు. ఆమె ఆ గదిలోకి వెళ్లలేదు. అలాగని ఎవరితోనూ వాదులాడలేదు. తెల్లవారుజామున ఎప్పటిలాగే కాలువకు వెళ్లి, ఎప్పటిలాగే ఈదుకుంటూ అవతలి గట్టుకు పోయి, తడిబట్టలతో తిరిగివచ్చి దీపం పెట్టుకుంది. నాలుగు రోజులు ఊరు చూసింది, ఐదో రోజున మానేసింది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి గోదావరి నీటిని డెల్టాకు మళ్లించిన కాటన్ దొర పేరును మా వైపు కొందరు పెద్దలు స్నాన సంకల్పంలో తలచుకుంటారని మీరు వినే ఉంటారు. బామ్మ కూడా కాలువలో మునిగినప్పుడల్లా ఆయనకు ఒక దోసెడు నీళ్లు వదిలేది. "గోత్రం ఏమిటే?" అని ఎవరో వేళాకోళమాడితే, "నీళ్లిచ్చినవాడికి నీళ్లే గోత్రం" అన్నదట. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆమెకు ఏమీ తోచేది కాదు. అప్పుడే యాత్రలకు బయలుదేరేది.

తాతగారు మిగిల్చిన కొద్దిపాటి కొబ్బరితోటను ఆమే చూసుకుంది. దింపు రోజున చెట్లకింద నిలబడి కాయలు లెక్కపెట్టేది. వ్యాపారి లెక్కలో పది కాయలు తగ్గినా చీకటి పడేదాకా అతణ్ణి కదలనిచ్చేది కాదు. అదే మనిషి, దింపు కార్మికుల పిల్లలు ఆకలిగా కనిపిస్తే, మడి కట్టుకుని వండిన అన్నమే తీసి పెట్టేది. దేవుడికి నివేదన కాలేదు కదా అని అత్తవరుస ఆవిడ ఒకరు అడ్డుపడితే, "ఆయనకు ఆకలి వేస్తే ఆయన అడుగుతాడు, వీళ్లు అడగలేరు" అన్నది. ఆ మాటలో శాస్త్రం ఉన్నదా లేదా అని ఆమె ఎన్నడూ విచారించలేదు. మళ్లీ స్నానం చేసి మళ్లీ వండింది.

ఆమె భక్తి కూడా ఆమెలాగే ఉండేది. పోతనగారి భాగవతం గొంతెత్తి చదివేది. నచ్చని ఘట్టం వస్తే పుస్తకం మూసి కాసేపు ఆ పాత్రతో తగువాడేది. గజేంద్రుణ్ణి అంతకాలం మొసలికి వదిలేసినందుకు స్వామిపై ఆమెకు శాశ్వతంగా కోపం. మహాశివరాత్రి జాగరణకు మా పిల్లలందరినీ కూర్చోబెట్టి తెల్లవార్లూ వైకుంఠపాళి ఆడించేది. పెద్ద పాము మింగినప్పుడు అందరికంటే పెద్దగా ఏడ్చేది కూడా ఆమే. ముక్కుపొడుము అలవాటు ఉండేది. దాన్ని దాచేది కాదు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి తప్పక పోయేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట వెలసిన లక్ష్మీనరసింహస్వామిని చూసి అందరూ చేతులు జోడిస్తే, ఆమె మాత్రం, "ఏమయ్యా, ఏటేటా పెళ్లి చేసుకుంటున్నావు, మా ఊరి రోడ్డు సంగతి ఎప్పుడు చూస్తావు?" అని గట్టిగానే అడిగేది. అర్చకులు నవ్వుకునేవారు.

ఇంతవరకు చదివి, ఎంత చక్కని బామ్మ అని మీరనుకుంటారు. కాని స్వేచ్ఛగా బతికే మనిషి పక్కన ఉన్నవారికి ఆ స్వేచ్ఛ వెల కూడా తెలుస్తుంది. మా ఇంట్లో ఆ వెల చెల్లించినది మా నాన్నగారు. ఆయన ఒక్కడే కొడుకు. రైల్వేలో గుమస్తా. ఊళ్లు మారే ఉద్యోగం, చాలాకాలం ఖరగపురంలో ఉన్నారు. తనతో వచ్చి ఉండమని తల్లిని ఎన్నో మార్లు బతిమాలారు. వచ్చేది, నాలుగు రోజులు ఉండేది, క్వార్టర్సు గోడలు మీదపడుతున్నాయని రైలెక్కేసేది. బంధువులు మాత్రం ఆమెను ఏమీ అనలేదు. కన్నతల్లిని పల్లెలో ఒంటరిగా వదిలేసిన కొడుకని నాన్నగారిని అన్నారు. పెళ్లిళ్లలో అన్నారు, శుభలేఖ ఇవ్వడానికి వచ్చి అన్నారు. ఆయన ఎవరికీ బదులు చెప్పేవారు కారు. తల్లికి ఉత్తరాలు రాసేవారు. ఆమె కార్డుమీద జవాబిచ్చేది. సగం కొబ్బరికాయల లెక్క, మిగతా సగం, "నేను కులాసా. ఊరికే వచ్చి సెలవులు పాడుచేసుకోకు. మామిడిపళ్లనాటికి రా" అని.

1991 గోదావరి పుష్కరాలకు అందరం కోటిపల్లి రేవుకు చేరాము. అప్పటికే ఆమెకు డెబ్బై దాటాయి. మేమంతా మెట్లమీద మూడు మునకలు వేస్తుంటే, ఆమె కనిపించక నాన్నగారు గాభరాపడ్డారు. చూస్తే జనానికి ఆవల, తల మాత్రం కనబడేలా హాయిగా ఈదుతోంది. ఒడ్డుకు వచ్చాక నాన్నగారు తీర్థశ్రాద్ధానికి కూర్చున్నారు. పురోహితుడు పేర్లన్నీ చెప్పించి ముగించబోతుండగా బామ్మ అడిగింది, "మా అమ్మమ్మ ఏదీ?" ఆమెను పెంచినది వాళ్ల అమ్మమ్మే. పురోహితుడు తన జాబితాలో వెతుక్కున్నాడు. నాన్నగారికి ఆమె తల్లి తల్లికి తల్లి. నేను పైన చెప్పిన, వరుసలో లేని మనిషి. "అలా రాదమ్మా" అన్నాడాయన. "రాకపోతే రప్పించండి. ఆవిడ లేకపోతే నేను లేను, నేను లేకపోతే వీడు లేడు" అన్నది బామ్మ.

ఆ పురోహితుడు పెద్దమనిషి. కాసేపు ఆలోచించి, కారుణ్య పితరులనే వరుస ఒకటున్నదని గుర్తుచేసుకున్నాడు. గురువులు, స్నేహితులు, ఆశ్రితులు, మనం ఋణపడినవారు ఎవరైనా అందులో వస్తారు. అక్కడ ఆ పేరు చేర్చి నాన్నగారి చేత నీళ్లు విడిపించాడు. మీ ఇంట్లోనూ ఇలా వరుసకు అందని తల్లి ఎవరైనా ఉంటే, మీ పురోహితులతో సంప్రదించి ఆ వరుసలో తలచుకోవచ్చు. పెంచిన పెద్దమ్మ కావచ్చు, పిల్లలు లేని మేనత్త కావచ్చు.

1996 నవంబరు తుపాను కోనసీమను ఊడ్చిపెట్టినప్పుడు మా తోటలో నిలిచిన చెట్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇక తప్పదు, వచ్చెయ్యమని నాన్నగారు వెళ్లారు. ఆమె పడిన చెట్ల మధ్య కొబ్బరి మొక్కలు పాతిస్తోంది. ఇవి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, నీకెందుకమ్మా అంటే, "నాకు కాదురా, చెట్లు పడ్డ చోట చెట్లు ఉండాలి" అన్నది. మొదటి గెల చూడకుండానే వెళ్లిపోయింది.

పురాణాలు ఎరిగిన తల్లులు

ఆడది అణగిమణగి ఉంటేనే భక్తురాలని ఒక అభిప్రాయం మన ఇళ్లలో ఎలాగో పాతుకుపోయింది. మన పురాణాలు మాత్రం ఇందుకు ఒప్పుకోవు. మార్కండేయ పురాణంలో మదాలస కథ చూడండి. తిక్కనగారి శిష్యుడైన మారన ఈ పురాణాన్ని తెలుగుచేశాడు. మదాలసకు మొదటి కొడుకు పుట్టగానే రాజు ఋతధ్వజుడు విక్రాంతుడని పేరు పెడితే ఆమె నవ్వింది. రెండోవాడికి సుబాహుడంటే నవ్వింది, మూడోవాడికి శత్రుమర్దనుడంటే మళ్లీ నవ్వింది. ఉయ్యాల ఊపుతూనే ఆ ముగ్గురికీ ఆత్మజ్ఞానం పాడి విరాగులను చేసింది. నాలుగోవాడికి నువ్వే పేరు పెట్టు అని రాజు అంటే అలర్కుడన్నది. ఆ పేరుకు అర్థమేమిటని రాజు తెల్లబోతే, పిలుచుకోవడానికే గదా పేరు, అర్థంతో పనేమిటన్నది. వంశం నిలపాలని రాజు వేడుకొనగా ఆ నాలుగోవాణ్ణి మాత్రం రాజధర్మంలో పెంచింది. వెళ్లిపోయేటప్పుడు ఆపదలో తెరిచి చూడమని ఉపదేశం దాచిన ఉంగరమొకటి కొడుకు చేతికిచ్చింది. భర్త పెట్టిన పేరును చూసి నవ్విన ఇల్లాలిని పురాణం తప్పుపట్టలేదు. ఆమె జోలపాటనే బ్రహ్మవిద్యగా పదిలపరచింది.

భాగవతం మూడో స్కంధంలోని దేవహూతి మరొకరు. స్వాయంభువ మనువు కూతురు, కర్దమ ప్రజాపతి ఇల్లాలు. తొమ్మిదిమంది ఆడపిల్లలను కన్నది. వారిలో అరుంధతి ఉన్నది, అనసూయ ఉన్నది. అనగా దత్తాత్రేయులవారికి ఈమె అమ్మమ్మ. పదో సంతానం కపిలుడు. భర్త సన్యసించి వెళ్లిపోయాక ఆమె కొడుకునే గురువుగా చేసుకుని సాంఖ్యం విన్నది. ఆపైన కట్టుబట్ట జారినా, జుట్టు ముడి వీడినా తెలియనంత స్వేచ్ఛలో నిలిచిపోయింది. ఆమె దేహమే నదిగా మారిందని భాగవతం చెబుతుంది. గుజరాత్‌లోని సిద్ధపురంలో బిందుసరోవరం వద్ద ఆ తల్లీకొడుకులు ఉన్నారని మన నమ్మిక. పరశురాముడు తల్లి రేణుకకు అక్కడే పిండం పెట్టాడంటారు. అందుకే దానికి మాతృగయ అని పేరు. తల్లులకు శ్రాద్ధం పెట్టడానికి దేశం నలుమూలల నుంచి, ముఖ్యంగా కార్తికంలో, అక్కడికి వెళుతుంటారు. తెలుగునాట నుంచి వెళ్లేవారూ ఉన్నారు.

తల్లికోసం నియమమే పక్కకు తప్పుకున్న ఉదంతం శంకరాచార్యులవారిది. సన్యాసికి కర్మాధికారం లేదు. అయినా అంత్యకాలంలో వస్తానని తల్లి ఆర్యాంబకు ఇచ్చిన మాట ప్రకారం కాలడికి వచ్చి, బంధువులు సాయపడకపోయినా ఇంటి పెరటిలోనే ఆమెకు దహనసంస్కారం చేశారని శంకరవిజయాలు చెబుతున్నాయి. శృంగేరి పీఠాధిపతులు శ్రీ సచ్చిదానంద శివాభినవ నృసింహ భారతీస్వామివారు 1910లో కాలడిలో ఆలయాలు ప్రతిష్ఠించారు. ఆ ప్రాంగణంలో ఆర్యాంబ సమాధి కూడా ఉన్నది. జగద్గురువు ఆలయానికి వెళ్లినవారు అక్కడ కూడా ఒక నమస్కారం చేసుకుని వస్తారు.

గయలో ఒక పుస్తకం

బామ్మ పోయిన పన్నెండో రోజున బంధువులందరూ చేరి ఆమె గుణగణాలు చెప్పుకున్నారు. ఒక పెద్దాయన లేచి, ఆమె శాంతమూర్తి అనీ, ఓర్పుకు మారుపేరనీ, గడప దాటి ఎరుగదనీ, పల్లెత్తు మాట అని ఎరుగదనీ చెబుతుంటే అందరూ తలలూపుతున్నారు. పోయినవారిని గురించి అలాగే చెప్పడం మన మర్యాద. నాన్నగారు మాత్రం మెల్లగా అన్నారు, "బాబాయిగారూ, మీరు చెబుతున్నది ఎవరినో నాకు తెలియడం లేదు. ఆవిడ మా అమ్మ కాదు." సభ నిశ్శబ్దమైపోయింది. తల్లి స్వభావం వల్ల జీవితమంతా మాటలు పడ్డ మనిషి, ఆ స్వభావాన్ని చెరిపివేయడానికి ఒప్పుకోకపోవడం నాకు ఆనాడు ఆశ్చర్యంగా తోచింది.

మరుసటి ఏడు నాన్నగారు గయకు వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఫల్గునీ తీరాన విష్ణుపాదాలయం ఉన్నది. ఇప్పుడు మనం చూసే ఆ ఆలయాన్ని 1787లో కట్టించినది ఇందూరు మహారాణి అహల్యాబాయి హోల్కర్. రాముడు రావడం ఆలస్యమైతే సీతమ్మ స్వయంగా ఇసుకతో దశరథునికి పిండం పెట్టినదీ ఈ తీరంలోనే అని స్థలపురాణం. ఇక్కడ తల్లికి మాత్రమే ప్రత్యేకించిన విధి ఒకటున్నది. మాతృషోడశి అంటారు. పదహారు పిండాలు. ఒక్కొక్క పిండానికి ఒక్కొక్క శ్లోకం. కడుపులో మోసిన బరువుకు ఒకటి, ప్రసవవేదనకు ఒకటి, బిడ్డకోసం మింగిన చేదు కషాయాలకు ఒకటి, బిడ్డ పక్క తడిపితే పొడిచోట వాణ్ణి పడుకోబెట్టి తాను తడిలో పడుకున్న చలి రాత్రులకు ఒకటి. ఇలా కన్నతల్లి పడిన ఒక్కొక్క కష్టాన్నీ పేరుపెట్టి చెప్పి, దాని ఋణం తీరడానికి అంటూ ఒక్కొక్క ముద్ద పెట్టించే ఈ విధికి సాటి మరొకటి నాకు కనిపించలేదు. మాకు చేయించిన పురోహితుడు ఒక్కొక్క శ్లోకానికీ తెలుగులో అర్థం చెప్పాడు. ఆరేడు పిండాలు పెట్టేసరికి నాన్నగారి చెయ్యి వణకడం మొదలైంది. పదహారు పూర్తయ్యాక చాలాసేపు లేవలేదు.

గయలో పండాలు ఊరూరి యాత్రికుల పేర్లు రాసుకునే పుస్తకాలు తరతరాలుగా భద్రపరుస్తారు. వచ్చినవారు స్వహస్తంతో రాసి సంతకం పెడతారు. ఎక్కువగా మగవారి పేర్లే. మా ఊరి పేరు చెప్పగానే పండా పాత పుస్తకం తీసి పుటలు తిప్పాడు. ఒకచోట నాన్నగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. తెలుగు అక్షరాలు. బామ్మ చేతిరాత. ముప్పై ఏళ్ల కిందట ఊరి వారితో కలిసి కాశీ, గయ యాత్ర చేసినప్పుడు తానే కలం తీసుకుని రాసింది. తన పేరు, ఊరు. దాని కింద, "గయలో వదిలినది పొట్లకాయ" అని.

గయ వెళ్లినవారు తమకు ప్రియమైన కాయో, పండో, ఆకో అక్కడ వదిలేసి, ఇక జన్మలో తినకుండా ఉండటం మీకు తెలిసిన ఆచారమే. ఆ ప్రయాణంలో ఒకావిడ బెండకాయ వదిలింది, ఒకావిడ జామపండు వదిలి ఇంటికొచ్చాక ఏడ్చిందని బామ్మే చెప్పేది. తాను ఏమి వదిలిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పొట్లకాయ అంటే ఆమెకు పుట్టి బుద్ధెరిగిననాటి నుంచి అసహ్యం. పందిరి దగ్గరికే పోయేది కాదు. నాన్నగారు ఆ పుస్తకం ముందు కూర్చుని పకపక నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

ఆ పొట్లకాయ మాట కింద ఇంకొక పంక్తి ఉన్నది. యాత్రికులు తమ చిరునామా రాయవలసిన చోటు. తన ఊరు పైన రాసింది గదా, ఇక్కడ మళ్లీ రాసినది ఖరగపురం రైల్వే క్వార్టర్సు. నంబరుతో సహా. నాలుగు రోజులకంటే ఎక్కువ ఎన్నడూ ఉండని ఇల్లు. నాన్నగారు ఆ నంబరుమీద వేలు పెట్టి కాసేపు ఉంచారు. తరువాత కలం అడిగి పుచ్చుకుని, దాని కిందనే తన పేరు, తేదీ రాశారు. తిరుగు ప్రయాణంలో రైల్లో ఆయన మాట్లాడినదంతా కొబ్బరి మొక్కలను గురించే.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉన్నది. మొదట పేర్లు రాసుకుందామనే మొదలుపెట్టాము. తల్లుల పేర్లు, పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటిపేరు, పోయిన తిథి. తిథి తెలియనివారికి అమావాస్య ఉన్నది, సుమంగళిగా వెళ్లినవారికి అవిధవా నవమి ఉన్నది కాబట్టి ఆ వివరమూ రాశాము. తరువాత ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట వదిలితే, ఆ పుటలు వాటంతట అవే నిండసాగాయి. ఏది ఇష్టం, ఏది కిట్టదు, ఎవరితో మాటలు లేవు, ఏ పాట పాడేది. నాన్నగారి పినతల్లి ఒకావిడ తొంభై ఏళ్ల వయసులో చెప్పిన సంగతులతోనే పది పుటలు నిండాయి. ఆమె పోయినది ఆ మరుసటి నెలలోనే. మీ ఇంట్లో అటువంటి పెద్దావిడ ఉంటే ఈ పక్షం దాటనివ్వకండి. మంచి మాటలే రాయాలని నియమం పెట్టుకోకండి. మా పుస్తకంలో ముక్కుపొడుము కూడా ఉన్నది.

మా కోడలిది ఓరుగల్లు వైపు. వారింట పెత్తరమాస నాడు పొద్దున పెద్దల పేరున బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇస్తారు. అదే సాయంత్రం తంగేడు, గునుగు పూలు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పొద్దున పెద్దలను తలచుకుని సాయంత్రం ఆటపాటలేమిటని మొదట్లో మా ఇంట్లో కొందరికి వింతగా అనిపించింది. ఇప్పుడు మా వాకిట్లోనూ ఆ అమావాస్య సాయంత్రం పూలు పేరుస్తున్నారు. బామ్మ ఉంటే వలయంలో ముందు నిలబడేది ఆమే అని నా నమ్మకం.

తద్దినం వంటలో అరటికాయ, కంద, కాకర ఉంటాయి. పొట్లకాయ కూడా పెట్టవచ్చు. అనేక ఇళ్లలో పెడతారు. మా ఇంట్లో పెట్టము. గయలో వదిలిన వస్తువు గదా. వడ్డన జరుగుతుండగా ఏటా పిల్లల్లో ఎవరో ఒకరు, పక్కింట్లో చేశారు మనమెందుకు చేయము అని అడుగుతారు. ఎవరో ఒకరు చెప్పడం మొదలుపెడతారు. కాలువ, కాటన్ దొర, నరసింహస్వామిని అడిగిన రోడ్డు, అన్నీ వస్తాయి. అది పూర్తయ్యేసరికి విస్తళ్లలో పరమాన్నం చల్లారిపోతుంది.